ముఖ మిచ్చి చీటి తీసికొనని బేరము

మన యిండ్లలో కంసాలికి బంగార మిచ్చునపుడు తూకము చూడక యిచ్చువారు లేరు. తాతల నాటినుండి మన యింటి నగలు చేసినవాడే యైనను, ఇన్ని తులములు, ఇంత రాయి యని చీటి వ్రాయించుకొనిన పిదపనే గాజులు చేతినుండి తీయుదుము. అది యతనిపై నమ్మకము లేక కాదు. లెక్కకు చీటి యుండవలెనను గృహిణీధర్మము మాత్రమే. ఈ చిన్న సంగతి నేల యెత్తితిమో సోదరీమణులు మున్ముందు గ్రహింపగలరు.

ఇటీవల మేమొక బంధువును సాగనంపుటకై శంషాబాదు విమానాశ్రయమునకు పోతిమి. ఆరాంఘర్ కూడలి దాటినంతనే యెడమవైపున కాటేదాన్ కార్ఖానాలు కనబడును. అచ్చట ప్లాస్టిక్ సామానులు చేయుచోట కూలికి పనిచేయు నొక తల్లి, తన కుమారుని గల్ఫుదేశమునకు పంపుటకై వచ్చి, మా ప్రక్కనే నిలువబడెను. ఆ బాలుడు ముందు బొంబాయికి పోయి, అచ్చట వేఱొక విమాన మెక్కవలెను. లోనికి పోవు ద్వారముకడ నతడు టిక్కెట్టు చూపుటయు, యంత్రము ముందు ముఖము నిలుపుటయు, తలుపు తెఱచుకొనుటయు క్షణములో జరిగిపోయెను. తోడి పనివా డొకడు ముందుగనే ఫోనులో నంతయు సిద్ధము చేసి యిచ్చెనట. ఆ తల్లి కన్నులు తుడుచుకొని మమ్ము చూచి, “ఆ డబ్బా మా పిలగాని మొకం చూసింది గద అమ్మా, ఆ మొకం ఏడ పెట్టుకుంటరు?” అని యడిగెను.

మాకు వెంటనే సమాధానము తోచలేదు. ఇంటికి వచ్చి విచారింపగా తెలిసిన సంగతులను ఈ దిగువ వ్రాయుచున్నాము.

మొదట తెలిసికొనవలసిన దేమనగా, శంషాబాదులో ముఖము చూచు ద్వారములు రెండు విధములు. చాలమంది రెంటిని ఒకటిగానే భావించుచున్నారు. మొదటిది డిజియాత్ర. ఇది దేశములోపలి ప్రయాణములకై పుట్టినది. 2022 డిసెంబరు 1వ తేదీన ఢిల్లీ, బెంగళూరు, వారణాసి విమానాశ్రయములలో మొదలై, 2023లో హైదరాబాదునకు వచ్చెను. రెండవది విదేశములకు పోవువారికిని, వచ్చువారికిని కేంద్ర హోంశాఖ పెట్టిన ఈ-గేటు. 2024 జూన్‌లో ఢిల్లీలో నారంభించిన ఈ యేర్పాటును 2025 జనవరి 16వ తేదీన హైదరాబాదుతో కూడ మఱి యేడు విమానాశ్రయములకు విస్తరించిరి. భారత పౌరులును, ఓ.సి.ఐ. కార్డు గలవారును ముందుగ దరఖాస్తు పెట్టి, వ్రేలిముద్రలు, ముఖచిత్రము ఇచ్చి, అనుమతి పొందినచో, ఇమిగ్రేషను అధికారి బల్లకడ వరుసలో నిలువక యంత్రద్వారమున పోవచ్చును. ఆ అనుమతి యయిదేండ్లు గాని, పాస్‌పోర్టు గడువు తీఱువఱకు గాని, ఏది ముందైన నంతవఱకు చెల్లును.

ఈ యేర్పాటులను మేము నిందింపము. చంటిబిడ్డ నెత్తుకొని, పెట్టెలు లాగుకొనుచు, గంటసేపు వరుసలో నిలువబడిన యాడుదానికి వీని సుఖ మెట్టిదో వేఱుగ చెప్ప నక్కఱలేదు. శంక యంత్రమును గూర్చి కాదు. యంత్రము వెనుకనున్న కాగితమును గూర్చి.

డిజియాత్రను నడపునది ప్రభుత్వశాఖ కాదు. 2019లో స్థాపింపబడిన డిజియాత్ర ఫౌండేషను అను సంస్థ. అందు కేంద్ర ప్రభుత్వపు విమానాశ్రయ ప్రాధికార సంస్థకు నూటికి 26 వంతులు గలవు. మిగిలిన 74 వంతులను ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, హైదరాబాదు, కొచ్చి విమానాశ్రయముల కంపెనీలు సమానముగ పంచుకొనినవి. పౌరు లెవరైన సమాచార హక్కు చట్టము ననుసరించి దీని ఒప్పందములను, పరీక్షల నివేదికలను చూపుమని యడిగినచో, ఇది ఆ చట్టము క్రిందికి రాని ప్రైవేటు సంస్థ యను జవాబు వచ్చినది. అడుగువాడు పౌరుడు, ముఖము పౌరునిది, ద్వారముకడ నిలుచువాడు ప్రభుత్వ రక్షకభటుడు. కాగితము మాత్రము ప్రైవేటుది! శంక పుట్టుటకు ఇంతకంటె నేమి కావలయును?

పుట్టిన శంక యూరకుండదు. 2023 చివరను, 2024 మొదటను, తమ్మడుగకయే, విషయము చెప్పకయే తమ ముఖములను చిత్రించి డిజియాత్రలో చేర్చిరని పలువురు ప్రయాణికులు ఫిర్యాదు చేసిరి. ఇది యిష్టమైనవారికే గాని నిర్బంధము కాదని విమానయాన శాఖ మరల చెప్పవలసి వచ్చెను. 2024లో పాత యాప్‌ను విడిచి క్రొత్త యాప్‌ను తీసికొనుడని ప్రయాణికులను కోరిరి. పాతదానిని తయారుచేసిన డేటాఎవాల్వ్ అను సంస్థ అధిపతిపై, ఆంధ్రప్రదేశపు ట్రాఫిక్ చలానుల సొమ్మునకు సంబంధించిన ఆరోపణలతో పోలీసు కేసు నడుచుచుండెను. ఆరోపణ ఆరోపణయే కాని తీర్పు కాదు. ఆ కేసు డిజియాత్రకు సంబంధించినదియు కాదు. అయినను, పాత యాప్‌లోని వివరము లేమైనవి, వానిపై నధికార మెవరిది యని జనులు ప్రశ్నించుట సహజమే కదా. ఒప్పందము నందఱును చదువ వీలున్నచో, ఆ ప్రశ్నకు సమాధాన మందే దొరకియుండును.

ఇక్కడ ఒక మాట న్యాయముగ చెప్పవలెను. 2024 డిసెంబరులో, ఆదాయపు పన్ను శాఖవారు డిజియాత్ర వివరములను వాడుకొనబోవుచున్నారని యొక వార్త పుట్టెను. శాఖవారును, డిజియాత్రవారును వెంటనే దానిని ఖండించిరి. ముఖవివరములు ప్రయాణికుని ఫోనులోనే యుండుననియు, విమానాశ్రయమునకు చేరినవి విమానము బయలుదేరిన 24 గంటలలో తుడిచివేయబడుననియు నిర్వాహకులు చెప్పుచున్నారు. అది నిజమే కావచ్చును. కాని చెప్పుట వేఱు, చూపుట వేఱు. కాగితము బయట నున్నచో నిజమైన శంక నిలుచును, వట్టి పుకారు రాలిపోవును. దాచినచో రెండును కలిసి పెరుగును.

దేశములోపలి ప్రయాణమునకే ఇంత యైనచో, సరిహద్దులు దాటించు యంత్రముల సంగతి మఱింత పట్టించుకొనవలెను. మన తెలుగు బిడ్డలు వేలకొలది పరదేశములకు చదువులకు పోవుచున్నారు. చిలుకూరు బాలాజీ గుడిలో వీసాకై ప్రదక్షిణములు చేయని తల్లులు మన నగరమున నెందఱుందురు? ఆ దరఖాస్తు ఆవలి ఒడ్డున నెవరి చేత, ఏ యంత్రము చేత చూడబడుచున్నదో మనకు తెలియదు. ఇంగ్లండులో హోంశాఖవారు 2015 నుండి వీసా దరఖాస్తులను ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ యని మూడు రంగులుగ విభజించు నొక యంత్రగణన పద్ధతిని వాడిరి. ఏ దేశస్థుడను విషయము ఆ రంగును నిర్ణయించుటలో లెక్కకు వచ్చెడిది. ఆ దేశముల పట్టిక రహస్యము. వలసదారుల మేలు చూచు నొక సంఘమును, ఫాక్స్‌గ్లోవ్ అను న్యాయసంస్థయు కోర్టు కెక్కగా, 2020 ఆగస్టులో ప్రభుత్వము ఆ పద్ధతిని విడిచివేసెను. అడిగినవా రుండుటచేతనే అది బయటపడినది.

అమెరికాలో 2025 ఏప్రిలు నెల మన యిండ్లకు గూడ నిద్ర లేకుండ చేసెను. పదమూడు లక్షల విదేశీ విద్యార్థుల పేరులను అచ్చటి పోలీసు నేరదాఖలాలతో యంత్రముచేత సరిపోల్చగా, సుమారు 6,400 పేరులు కలిసెనని అధికారులు కోర్టులో చెప్పిరి. అట్లు కలిసినవారిలో వేలమంది విద్యార్థి దాఖలాలు రద్దయ్యెను. కొట్టివేయబడిన చిన్నకేసులవారును, శిక్షయే పడనివారును అందుండిరి. బాధితులలో భారతీయు లనేకులు. కోర్టులలో వ్యాజ్యములు పెరుగగా, ఆ నెల 25వ తేదీన దాఖలాలను మరల నిలుపుదుమని ప్రభుత్వము ఒప్పుకొనెను. ఆ నెలలోనే, దీనితో సంబంధము లేకుండ వేఱుగ, వలసదారులను గుర్తించి పంపివేయు పనికై పాలంటిర్ అను కంపెనీకి ఇతరులతో పోటీ లేకయే సుమారు మూడు కోట్ల డాలర్ల పని యిచ్చిరని వెల్లడియైనది. ఆ దేశమున ఇట్టి ఒప్పందపు మొత్తములు బహిరంగముగ నమోదగును కనుక, పత్రికలవారును, న్యాయవాదులును ప్రశ్నింపగలిగిరి. ఒప్పందము మంచిదో చెడ్డదో తరువాతి మాట. దాని పేరును, సొమ్మును తెలిసినచో గదా వాదింప వీలగును!

మన దేశమున నడుగుటకు ఆధార మేమియు లేదనుకొనరాదు. ఆంతరంగికత పౌరుల మౌలిక హక్కు అని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ తీర్పు చెప్పిరి. వ్యక్తిగత వివరముల రక్షణకై 2023లో చట్టమును, 2025 నవంబరులో నియమములును వచ్చినవి. అయితే అందలి ముఖ్యబాధ్యతలకు పదునెనిమిది నెలల గడువు నిచ్చిరి. ప్రభుత్వము తాను కోరిన తన సంస్థలను ఆ చట్టమునుండి మినహాయించుకొనుటకును అందు వీలున్నది. కనుక చట్ట మున్నదని నిద్రపోవుటకు వీలు లేదు.

గృహిణులు చేయదగిన పనులు కొన్ని గలవు. డిజియాత్ర నిర్బంధము కాదు. టిక్కెట్టును, గుర్తింపు కార్డును చూపి మామూలు వరుసలో పోవు హక్కు ప్రతివారికి గలదు. తొందరలో నెవరైన “ఇటు చూడుడు” అని కెమెరా నెత్తినచో, “ఇది దేనికి?” అని యడుగుటకు సిగ్గుపడరాదు. పిల్లల ఫోనులలో అవసరము తీఱిన యాప్ నుంచవలదు. పరదేశములకు పోవు బిడ్డల పాస్‌పోర్టు, వీసా, కళాశాల కాగితముల నకళ్లు ఇంట నొక సంచిలో భద్రపఱుపవలెను. యంత్రము తప్పు చెప్పిననాడు కాగితమే సాక్షి. చదువుకొనిన సోదరీమణులు పదిరూపాయల రుసుముతో విమానయాన శాఖకు గాని, విమానాశ్రయ ప్రాధికార సంస్థకు గాని సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చును. డిజియాత్ర తప్పించుకొనినను, ఇవి ప్రభుత్వ సంస్థలే. ముప్పది దినములలో జవాబీయవలెను. వాణిజ్య రహస్య మని నిరాకరించినను, ప్రజాప్రయోజనము దానికంటె గొప్పదైనచో చూపవలెనని ఆ చట్టములోని 8వ సెక్షనులోనే యున్నది.

రహస్యపదము పోయినచో మార్చుకొనవచ్చును. తాళము పోయినచో క్రొత్తది కొనవచ్చును. ముఖము పోయినచో వేఱొకటి తెచ్చుకొనుట కెక్కడ దొరకును? తులము బంగారమునకు చీటి యడుగు మనము, బిడ్డ ముఖమునకు అడుగక పోవుట యెట్లు?

కాటేదాన్ తల్లి ఆ దినమున మా జవాబునకై కొంతసేపు నిలువబడి, బస్సు వచ్చుటచే వెడలిపోయెను. రాత్రి పనికి చేరవలెనట. ఆమె యడిగినది పెద్ద రహస్యము కాదు. తన కుమారుని ముఖ మెక్కడ నున్నదని మాత్రమే యడిగినది. ఆమెకు తెలుగులో, ఒక్క కాగితముమీద, చదివి వినిపింప దగిన సమాధాన మీయవలసినవారు కలరు. వారు ఇచ్చువఱకు మన మడుగుచునే యుండవలెను.