ముగ్గురికి ఒకే తాళంచెవి

పిల్లలూ! రహస్యలేఖను విప్పే అంకెల వరుసకు తాళంచెవి అని పేరు. దానిని కాంతికణాలమీద పంపే ఉపాయాన్ని 1984లో బెన్నెట్, బ్రాసార్డ్ అనే శాస్త్రజ్ఞులు చెప్పారు. దారిలో దొంగ కణాన్ని పరీక్షించబోతే దాని స్థితి చెదిరి, దొంగతనం బయటపడుతుంది. నకలు తీద్దామా అంటే, అది క్వాంటం నియమాలకే విరుద్ధమని 1982లో తేలింది.

మంచి కాపలాయే! కాని గాజుతీగలో 100 కిలోమీటర్లు పోయేసరికి 100 కణాలలో సుమారు ఒక్కటే మిగులుతుంది. పలచబడిన వెలుగును దారిలో పెంచలేము. పెంచడమంటే నకలు తీయడమే గదా! మధ్యలో సహాయకేంద్రం లేకపోతే, ఇంత దూరానికి ఇన్ని అంకెలే అన్న హద్దు తప్పదని 2017లో రుజువయింది.

రాముకు సోముతోనూ, భీముతోనూ కలిపి ఒకే తాళంచెవి కావాలనుకోండి. దగ్గరనున్న సోముకు గంటకు 1000 అంకెలు చేరినా, దూరాననున్న భీముకు తన ఒక్క తీగమీద 10 మాత్రమే అందితే, ముగ్గురికీ ఉమ్మడిగా దక్కేవి పదే. తక్కిన 990 అంకెలూ రాము, సోము చెవులు కొరుక్కోవడానికే!