తెర వెలుగని కంప్యూటరు: దోషమును వెదకుట యెట్లు?

వేసవి సెలవుల తరువాత జూనులో బడి తెరచిరి. గోదావరి డెల్టాలోని ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు కంప్యూటరు మీట నొక్కెననుకొందము. లోపలి పంకా తిరుగును, చిన్న దీపము వెలుగును. కాని తెరమీద ఏమియు కనబడదు. "యంత్రము చెడినది" అని దానిని మూల పడవేయుదురు. ఇది "ఒంట్లో బాగులేదు" అన్నంత అస్పష్టమైన మాట. చెడినది ఏ భాగమో ముందు తెలియవలెను.

పొలమునకు నీరు రానిచో రైతు ఏమి చేయును? ధవళేశ్వరము నుండి వచ్చు కాలువలో నీరున్నదా, పిల్లకాలువలో ఉన్నదా, బోదెలో ఉన్నదా అని వరుసగా చూచుకొనుచు పోవును. నీరున్న చోటికిని, లేని చోటికిని నడుమనే అడ్డంకి ఉండును. కంప్యూటరు కూడ విడివిడి భాగముల కూర్పు. దానిలోని దోషమును ఇట్లే వెదకవలెను.

మొదటిది విద్యుత్తు. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ఎస్.ఎం.పి.ఎస్. అను పెట్టె 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చును. పంకాయే తిరుగనిచో ప్లగ్గును, తీగను, వెనుకనున్న మీటను చూడవలెను. ఎస్.ఎం.పి.ఎస్.ను మాత్రము విద్యార్థులు విప్పరాదు. 230ని 2 యొక్క వర్గమూలముతో గుణించినచో సుమారు 325 వచ్చును. అంతటి వోల్టేజి లోపలి కెపాసిటరులో ప్లగ్గు తీసిన పిమ్మట కూడ కొంతసేపు నిలిచియుండగలదు.

రెండవది తెర. దానిని, దాని తీగను చక్కగా పనిచేయుచున్న మరియొక కంప్యూటరుకు కలిపి చూడవలెను. అచ్చట బొమ్మ వచ్చినచో అవి రెండును మంచివే. దోషము పెట్టెలోనే ఉన్నది.

మూడవది ర్యామ్, అనగా పని జరుగుచున్నంతసేపు సమాచారమును నిలుపు పలక. మీట నొక్కగానే కంప్యూటరు తన భాగములను తానే పరీక్షించుకొనును. ర్యామ్ అందనిచో కొన్ని యంత్రములు కూతలు పెట్టును. ఆ కూతల అర్థము తయారీదారునిబట్టి మారును గనుక బోర్డుతో వచ్చిన పుస్తకమును చూడవలెను. డెల్టా గాలిలో తేమ హెచ్చు. సముద్రతీరమున ఉప్పు కూడ చేరును. నెలల తరబడి వాడని యంత్రములో పలక అంచునకును, అది కూర్చుండు గాడికిని నడుమ సన్నని మలినపు పొర ఏర్పడి విద్యుత్తును అడ్డగింపవచ్చును. ప్లగ్గు తీసి, ఒంటిమీది స్థిరవిద్యుత్తు పోవుటకు పెట్టె లోహపు భాగమును తాకి, పలకను అంచులతో పట్టి తీసి మరల గట్టిగా కూర్చవలెను. ఆ రాపిడికే పొర చెదరి యంత్రము మేల్కొనుట కద్దు.

కొంతసేపు పనిచేసి ఆగిపోవు యంత్రములో వేడిని అనుమానింపవలెను. ధాన్యపు మిల్లుల చెంత ఊక దుమ్ము, కోనసీమలో కొబ్బరిపీచు దుమ్ము ప్రాసెసరుపై పంకాను కప్పివేయగలవు. వేడి మితిమీరినపుడు ప్రాసెసరు తన్ను కాపాడుకొనుటకై పని నాపివేయును. ప్రతిదినము తేదీ వెనుకకు పోవుచున్నచో బోర్డుమీది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోయినదని గుర్తు.

ఒక్కసారి ఒక్క మార్పే చేయవలెను. రెండు భాగములను ఒకేసారి మార్చినచో యంత్రము బాగుపడినను, దోషము దేనిదో తెలియదు.

1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరి వరదలు లంక గ్రామములను ముంచినవి. అట్టి నీట తడిసిన యంత్రమును "పనిచేయునేమో" అని ఆన్ చేయరాదు. తడిలో విద్యుత్తు దారితప్పి, నీటివలన చెడని భాగములను కూడ పాడుచేయును.

చూచినది, మార్చినది, ఫలితము—ఈ మూడింటిని ప్రయోగశాల పుస్తకములో వ్రాసియుంచవలెను. 1947 సెప్టెంబరు 9న హార్వర్డు మార్క్-2 కంప్యూటరులో రిలే నడుమ ఒక పురుగు చిక్కినది. పనివారు దానిని తీసి, దినచర్య పుస్తకములో అంటించి, ప్రక్కన ఆ సంగతి వ్రాసిరి. మూల పడిన ఒక్కొక్క కంప్యూటరు వెనుక, వంతుకై నిలిచిన విద్యార్థులెందరో ఉందురు. చెడినది ఒక బిళ్లయో, దుమ్ముపొరయో అని తేలినచో వారి వంతు తప్పిపోదు.