దవడ ఆపరేషన్ తర్వాత కింది అంచున నొక్కు ఎందుకు పడుతుంది? పడకుండా ఎలా?

కింది దవడ వెనక్కి ఉండిపోయినవాళ్లకు దాన్ని ముందుకు జరిపి సరిచేస్తారు. పళ్లు కలుస్తాయి, ముఖం తీరు మారుతుంది. కానీ వాపు పూర్తిగా తగ్గాక కొందరికి దవడ కింది అంచు వెంబడి వేలు పోనిస్తే ఒకచోట నొక్కు తగులుతుంది. సన్నటి ముఖమైతే బయటికే కనబడుతుంది.

ఎందుకలా? ముందు ఎముకను ఎలా కోస్తారో చూడాలి. ఆస్ట్రియాకు చెందిన ట్రౌనర్, ఓబ్‌వెగెసర్ 1957లో వివరించిన పద్ధతినే, తర్వాత చేరిన మార్పులతో, ఇప్పటికీ వాడుతున్నారు. దవడను అడ్డంగా తెగనరకరు. రెండు పక్కలా వెనక భాగాన్ని లోపలి పలక, బయటి పలకగా చీలుస్తారు. లోపలి పలక పళ్లున్న ముక్కతో, బయటి పలక వెనక ముక్కతో ఉంటుంది. నమస్కారం పెట్టినట్టు అరచేతులు కలిపి, ఒక చేతిని కాస్త ముందుకు జరపండి. జరిగినా రెండూ ఇంకా ఆనుకునే ఉన్నాయి కదా! పళ్లున్న ముక్క ముందుకు వచ్చినా ఎముక అతుక్కునేది ఈ ఆనిక వల్లే.

అయితే బయటివైపు, దవడ పళ్ల దగ్గర కోత పెట్టినచోట, ఎన్ని మిల్లీమీటర్లు జరిపితే అంత సందు ఏర్పడుతుంది. దాని లోపలివైపు ఎముక పలక ఉంటే రక్తం గడ్డకట్టి అక్కడే నిలుస్తుంది, క్రమంగా ఎముకగా మారుతుంది. చీలేటప్పుడు కింది అంచు మొత్తం మందంతో వెనక ముక్కకే పోయిందనుకోండి, సందుకు ఆసరా ఉండదు. చుట్టూ ఉన్న మెత్తటి కండ ముందుగా చొరబడుతుంది. అది చేరిన చోట ఎముక రాదు. పది మిల్లీమీటర్లు, ఆపైన జరిపినవాళ్లలో, వయసు పైబడినవాళ్లలో ఈ ఇబ్బంది ఎక్కువ.

మరి ఎలా ఆపాలి? సగానికి పైగా పని ఆపరేషన్ టేబుల్ మీదే ఉంది. కింది అంచులో లోపలి సగం పళ్లున్న ముక్కతోనే ఉండేలా చీలికను నడపాలి. ఎముకకు రక్తం అందించే పైపొరను అవసరానికి మించి ఒలవకూడదు. ప్లేట్లు, స్క్రూలతో ముక్కలు కదలకుండా బిగించాలి. సందు పెద్దదైతే రోగి సొంత ఎముక తురుము గానీ, దాతల నుంచి తీసి శుద్ధిచేసిన ఎముక గానీ నింపాలి. అందుకే ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను సూటిగా అడగమంటాను: "డాక్టర్‌గారూ, నాకు ఎన్ని మిల్లీమీటర్లు జరుపుతారు? సందులో ఎముక నింపుతారా?" ఆ ప్రశ్నకు మొహమాటం అక్కర్లేదు.

మిగతాది మన చేతిలో ఉంది. సిగరెట్ మానాలి, నికోటిన్ రక్తనాళాలను కుదించి ఎముక మానడాన్ని వెనక్కి నెడుతుంది. షుగర్ అదుపులో ఉండాలి. ఎముకలు గుల్లబారే జబ్బుకు మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. దాదాపు ఆరు వారాలు జంతికలు, చెరుకు ముక్కల జోలికి పోవద్దు. అలాగని ఉత్త గంజితో సరిపెట్టినా ఎముకకు చాలదు. రాగిజావ, మెత్తగా కలిపిన పప్పన్నం, పెరుగు, తినేవాళ్లకు గుడ్డు కావాలి.

ఇంత చేసినా చిన్న నొక్కు మిగిలితే భయపడకండి. సాధారణంగా అది నమలడానికి అడ్డురాదు. ఎముక నెలల తరబడి సర్దుకుంటూనే ఉంటుంది కనుక ఏడాది వరకు ఎక్స్‌రేలతో గమనిస్తారు. అప్పటికీ చూపుకు ఇబ్బందిగా ఉంటే, ప్లేట్లు తీయాల్సివస్తే ఆ సమయంలోనే, దాన్ని నింపవచ్చు.