ఛాయాచిత్రకారుడు – జనాదరణము

సామాజిక మాధ్యమములందు ఛాయాచిత్రకారునకు జనాదరణము గలుగుటకు విలువగల కెమెరా యున్న చాలునని పలువురు తలంతురు. మే మట్లు తలంపము.

బ్రాండన్ స్టాంటన్ అను నమెరికా యువకుడు 2010లో నుద్యోగమును గోల్పోయి, న్యూయార్కు వీథులలో బాటసారుల ఛాయాచిత్రములు తీయ నారంభించెను. 10,000 మంది చిత్రములు తీసి నగరపటమున నమర్పవలెనని యాతని తొలి సంకల్పము. పిదప చిత్రము క్రింద నా మనుష్యుని మాటలనే చేర్చి ఫేస్‌బుక్కునందు ప్రకటింపగా, చూచువారు లక్షలకొలది పెరిగిరి. 2015లో బ్రూక్లినునందలి యొక బాలుడు తన ప్రధానోపాధ్యాయురాలిని గొనియాడిన మాటల నిట్లే ప్రకటించి, విరాళములకై వేడగా, ఆ పాఠశాల విద్యార్థులకై 10 లక్షల డాలర్లకు మించిన ధనము చేరెను.

కావున విద్యార్థులారా! కెమెరా నెత్తుటకు ముందు ఎదుటివారి యనుమతి గైకొనుడు. వారి మాట నాలకింపుడు. నమ్మకమును బడసినవానికే జనాదరణము నిలుచును.