చేతిలో ఒక్క కాగితం లేకున్నా అదే రోజు హెల్త్ కవరేజ్.. అమెరికా ఆసుపత్రుల్లో ఈ పని చేసేదెవరు? ఆ సర్టిఫికేషన్ ఎలా వస్తుంది?

ఉద్యోగం పోయింది, దాంతోపాటే కంపెనీ ఇన్సూరెన్స్ కూడా పోయింది. సరిగ్గా అప్పుడే ఒంట్లో బాగోలేక ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. అమెరికాలో ఇలాంటి పరిస్థితి వస్తే బిల్లు తలచుకునే చాలామంది ఆసుపత్రి గడప తొక్కరు. కానీ తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అక్కడ ఓ దారి ఉంది. ఆసుపత్రిలోనే శిక్షణ పొందిన ఉద్యోగి నాలుగైదు ప్రశ్నలు అడిగి, ఆ రోజు నుంచే తాత్కాలిక ప్రభుత్వ కవరేజ్ ఇప్పించగలరు. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అప్పటికప్పుడు చూపించక్కర్లేదు.

దీని పేరు 'ప్రిజంప్టివ్ ఎలిజిబిలిటీ'. సింపుల్‌గా చెప్పాలంటే, చెప్పిన వివరాలను బట్టి 'ఈ మనిషి అర్హులే అయి ఉంటారు' అని నమ్మి ముందు కవరేజ్ ఇచ్చేయడం, పూర్తి పరిశీలన తర్వాత చేయడం.

అసలు ఇది ఎప్పుడు మొదలైంది?

తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల కోసం అమెరికాలో 1965లో 'మెడికెయిడ్' మొదలైంది. కేంద్రం, రాష్ట్రాలు కలిసి ఖర్చు భరిస్తాయి. కాలిఫోర్నియాలో దీన్నే 'మెడి-కాల్' అంటారు. మామూలుగా అప్లై చేస్తే నిర్ణయం రావడానికి వారాలు పడుతుంది. ఈలోగా వైద్యం ఆగకూడదని 1986లో గర్భిణుల కోసం, 1997లో పిల్లల కోసం తాత్కాలిక కవరేజ్‌కు చట్టంలో వీలు కల్పించారు. ఒబామా హయాంలో వచ్చిన ఆరోగ్య చట్టంతో 2014 జనవరి 1 నుంచి ఆసుపత్రులే ఈ నిర్ణయం తీసుకునే అవకాశం దక్కింది.

ఉమ్మడి ఏపీలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తెలిసినవాళ్లకు ఇది ఈజీగానే అర్థమవుతుంది. అక్కడ హెల్ప్ డెస్క్‌లో ఆరోగ్యమిత్ర ఉంటారు కదా, ఇక్కడ ఈ ఉద్యోగి కూడా దాదాపు అలాంటివారే. కాకపోతే ఓ పెద్ద తేడా ఉంది. అక్కడ ముందు తెల్ల రేషన్ కార్డు చూపించాలి. ఇక్కడ ముందు మనిషి మాటే ఆధారం.

సర్టిఫికేషన్ ఎవరికి ఇస్తారు?

ఇది ఎవరికి వారు వ్యక్తిగతంగా తెచ్చుకునే లైసెన్స్ కాదు. ముందు ఆసుపత్రికి అర్హత రావాలి. అందుకు..

- ఆ ఆసుపత్రి రాష్ట్ర మెడికెయిడ్‌లో నమోదై ఉండాలి.
- 'ఈ పని మేం చేస్తాం' అని రాష్ట్ర ఏజెన్సీకి తెలియజేయాలి.
- రాష్ట్రం పెట్టిన రూల్స్ ప్రకారమే నడుచుకుంటామని ఒప్పుకోవాలి.

ఆ తర్వాత సిబ్బంది వంతు. చాలా రాష్ట్రాల్లో ఆన్‌లైన్ శిక్షణ ఉంటుంది. అది పూర్తి చేసినవాళ్లకే ఈ పని అప్పగిస్తారు. నిర్ణయం తీసుకునే అధికారాన్ని ఆసుపత్రి బయటి సంస్థకు బదలాయించడం కుదరదు.

'సర్టిఫైడ్ అప్లికేషన్ కౌన్సెలర్' అనే మరో హోదా కూడా ఉంది. రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. కానీ కౌన్సెలర్లు పూర్తి అప్లికేషన్ నింపడానికి సాయం చేస్తారు, ఏటా మళ్లీ సర్టిఫికేషన్ తెచ్చుకోవాలి, అప్లై చేసేవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోకూడదు. తాత్కాలిక కవరేజ్ మంజూరు చేసే అధికారం మాత్రం ఆ హోదాతో రాదు.

ఏం అడుగుతారు? ఏం అడగకూడదు?

ఇంట్లో ఎంతమంది ఉన్నారు, నెల ఆదాయం ఎంత, ఆ రాష్ట్రంలోనే ఉంటున్నారా, గర్భంతో ఉన్నారా, ఇప్పటికే మెడికెయిడ్ ఉందా, ఈమధ్య ఇలాంటి తాత్కాలిక కవరేజ్ వాడుకున్నారా.. ప్రశ్నలు ఇలా ఉంటాయి. పౌరసత్వం లేదా ఇమిగ్రేషన్ స్టేటస్ గురించి కూడా రాష్ట్రాలు అడగొచ్చు.

రుజువులు తెస్తేనే కవరేజ్ అనకూడదు. అలాగని అర్హత వచ్చేలా అంకెలు అందించడమూ తప్పే. చెప్పింది చెప్పినట్టు రాసుకోవడమే ఉద్యోగి పని. నిర్ణయం ఏదైనా రాతపూర్వకంగా చెప్పాలి. కవరేజ్ వస్తే అది ఏ రోజు మొదలై ఏ రోజు ముగుస్తుందో అందులో ఉండాలి. 5 పనిదినాల్లోగా రాష్ట్రానికి సమాచారం ఇవ్వాలి.

ఇక్కడే అసలు మెలిక!

కవరేజ్ వచ్చేసింది కదా అని చాలామంది రిలాక్స్ అయిపోతారు. కానీ దానికో గడువు ఉంది. నిర్ణయం వచ్చిన నెల తర్వాతి నెల చివరి రోజులోగా పూర్తి మెడికెయిడ్ అప్లికేషన్ పెట్టాలి. పెట్టకపోతే ఆ రోజుతో కవరేజ్ కట్.

మార్చి 5న తాత్కాలిక కవరేజ్ వచ్చిందనుకోండి. ఏప్రిల్ 30లోగా అప్లికేషన్ వెళ్లాలి. మార్చి 30న వచ్చినా గడువు అదే ఏప్రిల్ 30. అంటే ఒకరికి దాదాపు 2 నెలలు, మరొకరికి నెల మాత్రమే. గడువులోగా అప్లై చేస్తే మాత్రం తుది నిర్ణయం వచ్చేదాకా కవరేజ్ కొనసాగుతుంది. ఆ నిర్ణయం మే నెలలో వచ్చినా సరే.

గడువు దాటితే వెంటనే ఇంకోసారి తీసుకుందాంలే అంటే కుదరదు. గర్భిణులకు ఒక్కో గర్భానికి ఒక్కసారే. మిగతావాళ్లకు ఎన్నాళ్లకోసారి అనేది రాష్ట్రం నిర్ణయిస్తుంది, సాధారణంగా ఏడాదికి ఒకసారే.

గర్భిణులు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. వాళ్లకిచ్చే ఈ కవరేజ్ ప్రసవానికి ముందు జరిగే ఔట్‌పేషెంట్ చెకప్‌లు, టెస్టుల వరకే. కాన్పు కోసం ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు ఇందులోకి రాదు. పూర్తి అప్లికేషన్ ఆలస్యమైతే పెద్ద బిల్లు నెత్తిన పడే ప్రమాదం ఉంది.

అందుకే మంచి సిబ్బంది మంజూరు కాగితం చేతికిచ్చి పంపేయరు. అక్కడే కూర్చోబెట్టి పూర్తి అప్లికేషన్ కూడా నింపించే ప్రయత్నం చేస్తారు. ఎంతమంది గడువులోగా అప్లై చేశారు, వాళ్లలో ఎంతమంది నిజంగా అర్హులని తేలారు అన్న లెక్కలతో ఆసుపత్రి పనితీరుకు రాష్ట్రాలు కొలమానం పెట్టుకోవచ్చు. ఆ ప్రమాణం అందుకోకపోతే ముందు మళ్లీ శిక్షణలాంటి అవకాశం ఇస్తారు. అప్పటికీ మారకపోతే ఆసుపత్రి ఈ అధికారం కోల్పోతుంది.

తర్వాత అర్హత లేదని తేలితే?

నిజాయితీగా వివరాలు చెప్పినవాళ్లు భయపడాల్సిన పనిలేదు. తాత్కాలిక కవరేజ్ ఉన్న రోజుల్లో అందిన, ఆ కవరేజ్ కిందకు వచ్చే వైద్యానికి మెడికెయిడే చెల్లిస్తుంది. ఒకవేళ తాత్కాలిక కవరేజే ఇవ్వలేదనుకోండి, దానిపై అప్పీల్ ఉండదు. కానీ పూర్తి అప్లికేషన్ పెట్టుకునే హక్కు అలాగే ఉంటుంది. ఈ మాట చెప్పకుండా 'మీకు రాదు' అని పంపేస్తే అర్హత ఉన్న కుటుంబం కూడా నష్టపోతుంది.

తెలుగు కుటుంబాలు ఏం తెలుసుకోవాలి?

ముందు రాష్ట్రాన్ని బట్టి చూసుకోవాలి. కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో పిల్లలు లేని పెద్దవాళ్లకూ తక్కువ ఆదాయం ఉంటే మెడికెయిడ్ ఉంది. టెక్సాస్ ఆ విస్తరణ తీసుకోలేదు. గ్రీన్ కార్డు వచ్చిన పెద్దవాళ్లలో చాలామంది 5 ఏళ్లు ఆగాలి. చట్టబద్ధంగా నివసిస్తున్న గర్భిణులకు, పిల్లలకు ఆ ఐదేళ్ల వెయిటింగ్ లేకుండా ఇచ్చే వెసులుబాటు 2009 నుంచి రాష్ట్రాలకు ఉంది. అన్ని రాష్ట్రాలూ దాన్ని వాడుకోవడం లేదు.

విజిటర్ వీసాపై వచ్చిన అమ్మానాన్నలకు సాధారణంగా ఇది వర్తించదు. ఆ రాష్ట్ర నివాసి అయి ఉండాలన్నదే షరతు. వాళ్లకు బయల్దేరే ముందే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోవడం మంచిది. వీసా, గ్రీన్ కార్డు ప్రక్రియ నడుస్తున్నవాళ్లు ఇమిగ్రేషన్ లాయర్‌ను ఓ మాట అడిగి అప్లై చేయడం సేఫ్.

ఇంగ్లిష్ ఇబ్బందైతే మొహమాటపడొద్దు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలి. స్కూలుకెళ్లే పిల్లాడితో ఆదాయం లెక్కలు చెప్పించాల్సిన అవసరం లేదు. తెలుగు కావాలని నేరుగా అడగొచ్చు.

కౌంటర్ దగ్గర నుంచి లేచే ముందు రెండే ప్రశ్నలు అడగాలి.. 'ఈ కవరేజ్ ఏ తారీఖున ఆగిపోతుంది? నా పూర్తి అప్లికేషన్ వెళ్లిందా, లేదా?' రెండో దానికి 'లేదు' అని సమాధానం వస్తే కుర్చీలోంచి లేవకుండా అక్కడే అప్లికేషన్ నింపించుకోవడం మేలు.