మక్క చేనులో లేజర్ కొలత

చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో మక్క కంకి పాలు పట్టిందంటే రైతుకు రాత్రి నిద్ర ఉండదు. చీకటి పడగానే అడవి పందుల మంద చేనులో దిగుతుంది. తిన్నదానికన్నా తొక్కి పాడుచేసేదే ఎక్కువ. అనుమతి ఉన్న షూటర్లు వాటిని కాల్చాలంటే ముందు దూరం తెలియాలి. అందుకు వాడేదే లేజర్ రేంజ్‌ఫైండర్. ఆన్‌లైన్‌లో దొరికే చాలావాటి డబ్బా మీద 1000 మీటర్లు అని రాసి ఉంటుంది. మన చేలకు ఆ అంకెతో దాదాపు పనే లేదు.

బావిలోకి కేకేస్తే ప్రతిధ్వని వచ్చినట్టే, ఈ పరికరం కంటికి కనిపించని పరారుణ కాంతిని చిన్న చిన్న మెరుపులుగా పంపి, తిరిగొచ్చే వెలుగు కోసం చూస్తుంది. 150 మీటర్ల దూరంలోని చింతచెట్టును తాకి రావడానికి కాంతికి పట్టేది సెకనులో పది లక్షల వంతు. ఒక్క మీటరు తేడా పట్టుకోవాలంటే లోపలి గడియారం సుమారు 7 నానోసెకన్ల తేడాను గుర్తించాలి. నానోసెకను అంటే సెకనులో 100 కోట్ల వంతు. అరచేతిలో ఇమిడే వస్తువు ఈ పని చేయడం నిజంగా అద్భుతం.

అయితే లేజర్ కిరణం దారంలా సన్నగా సాగదు, పోనుపోను వెడల్పవుతుంది. 2 మిల్లీరేడియన్లు విచ్చుకునే కిరణం 100 మీటర్ల దగ్గర 20 సెంటీమీటర్లు, 300 మీటర్ల దగ్గర 60 సెంటీమీటర్లు పరుచుకుంటుంది. మక్క చేనులో చిక్కంతా ఇక్కడే. పంది మీద పడాల్సిన వెలుగులో కొంత ముందున్న ఆకుకే తగిలి వెనక్కి వస్తుంది. అప్పుడు తెర మీద కనిపించేది ఆకు దూరం. గోల్ఫ్ ఆటకు చేసినవి దగ్గరి వస్తువుకే మొగ్గు చూపుతాయి, ఎందుకంటే వాళ్లకు కావలసింది చెట్ల ముందున్న జెండా. వేటకు చేసినవాటిలో దూరపు వస్తువును ఎంచే ఏర్పాటు ఉంటుంది. మనకు కావలసింది అదే. చవకగా వస్తోందని గోల్ఫ్‌ది కొంటే డబ్బు దండగ.

డబ్బా మీది 1000 మీటర్లు వెలుగును బాగా తిప్పికొట్టే పలకకు సంబంధించిన లెక్క. నల్లటి పంది వెంట్రుకలు వెలుగును మింగేస్తాయి, కాబట్టి అందులో సగం దూరం కూడా అందకపోవచ్చు. అయినా నష్టం లేదు, మనకు అంత దూరం అక్కర్లేదు. 12 బోర్ తుపాకీతో 40 మీటర్లు దాటి కాలిస్తే గుళ్లు చెదిరి, పంది గాయంతో తప్పించుకుంటుంది. గాయపడ్డ పంది మనిషి మీదికి వస్తుంది.

వాలును సరిదిద్దే సదుపాయానికి కూడా ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు. 4 మీటర్ల ఎత్తు మంచె నుంచి 50 మీటర్ల దూరంలో గురి పెడితే వచ్చే తేడా 16 సెంటీమీటర్లే. మంచె వల్ల అసలు మేలు వేరే ఉంది. తూటా కిందికి పోయి నేలలో దిగుతుంది.

ఈ ప్రాంతంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి అదే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ చేల నడుమ ఫామ్‌హౌస్‌లు, కూలీల గుడిసెలు, రోడ్లు ఉన్నాయి. చిలుకూరు దగ్గర మృగవని జాతీయ ఉద్యానం ఉంది. రైఫిల్ తూటా కిలోమీటర్ల దూరం పోగలదు. అందుకే పగటిపూటే మంచె ఎక్కి వేపచెట్టు, బోరు, గట్టు, వాటి వెనకున్న ఫామ్‌హౌస్ గోడ ఎంతెంత దూరమో కొలిచి కాగితం మీద రాసుకోవాలి. గోడ ఉన్న దిక్కుకు తుపాకీ తిప్పకూడదని అప్పుడే తేల్చుకోవాలి. పరికరం వల్ల అసలు ప్రయోజనం ఇదేనని నా నమ్మకం.

పరికరం కొన్నంత మాత్రాన కాల్చే హక్కు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, పంట నాశనం చేసే పందినైనా అధీకృత అధికారి రాతపూర్వక ఉత్తర్వు లేనిదే చంపకూడదు. నెమలి మొదటి షెడ్యూలులో ఉంది. పంట మీద వాలినా దాన్ని కొట్టకూడదు.

కొనేటప్పుడు దుకాణం దీపాల వెలుగులో చూసి సరేననకండి. మునిమాపు వేళ చేను గట్టున నిలబడి చూడండి. మసక చీకట్లో నల్ల అంకెలు కనిపించవు, ఎర్రగా వెలిగే అంకెలు ఉన్నదే తీసుకోండి.