పాకుతూ నడక నేర్చిన పండితుడు

పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోతే మన ఊళ్ళలో మొదటి పదిరోజులు చుట్టాలు వచ్చి చూసి పోతారు. తర్వాత రోగిని వసారాలో మంచం మీద వేసి "ఇక ఇంతే" అంటారు. న్యూయార్కులో పెద్రో బాక్-ఇ-రీటా అనే స్పానిష్ పండితునికీ డాక్టర్లు అదేమాట చెప్పారు. 65వ ఏట ఆయనకు ఒక పక్క పడిపోయింది, మాట పోయింది. నాలుగు వారాల చికిత్స ఫలించలేదు.

మెక్సికోలో వైద్యం చదువుతున్న కుమారుడు జార్జి తండ్రిని తన ఇంటికి తీసుకుపోయాడు. పసిబిడ్డ ముందు పాకి, తర్వాతే కదా నడిచేది! ఆ లెక్కనే తండ్రిని నేలమీద పాకించాడు. చచ్చుబడిన భుజాన్ని గోడకు ఆనించి నెలల తరబడి పాకించాడు. పెద్దాయనను కుక్కలా పాకిస్తావా అని ఇరుగుపొరుగు వారు కోప్పడ్డారట. జార్జి వినలేదు. గోళీలు దొర్లించి పట్టుకోమనేవాడు. పడిపోయిన చేత్తోనే గిన్నెలు తోమించేవాడు, పావుగంట ఇటు తిప్పి, పావుగంట అటు తిప్పి. ఏడాదికి ఆ పెద్దాయన తిరిగి కాలేజీలో పాఠాలు చెప్పారు!

1965లో కొలంబియా దేశంలో కొండ ఎక్కుతుండగా గుండెపోటుతో ఆయన మరణించారు. శవపరీక్షలో వింత బయటపడింది. మెదడు అడుగున పాడైన భాగం పాడైనట్లే ఉంది. అక్కడినుంచి వెన్నుపాముకు దిగే నరాల్లో నూటికి 97 వంతులు నశించాయని మరో కుమారుడు పాల్ చెప్పేవారు. అంటే మిగిలిన కొద్ది నరాలే పని నేర్చుకున్నాయన్నమాట.

పాల్ మెదడు శాస్త్రవేత్త. పెద్దయిన మెదడు మారదని పుస్తకాలన్నీ చెప్పే రోజుల్లో ఆయన ఆ మాట ఒప్పుకోలేదు. 1969లో ఒక కుర్చీ తయారుచేశారు. కెమెరా చూసినది కుర్చీలోని 400 చిన్న కదిలే ముక్కల ద్వారా వీపు మీద గుచ్చినట్లు తెలుస్తుంది. పుట్టు గుడ్డివారు దానితో ఎదుటివారి ముఖాలు గుర్తుపట్టారు. తండ్రి సంగతి మనసులో ఉండిపోయింది కాబోలు, నలభై దాటాక పాల్ మళ్ళీ విద్యార్థిగా చేరి పునరావాస వైద్యం నేర్చుకున్నారు. 2006లో కన్నుమూశారు.

మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా ముందు పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. గడ్డ కరిగించే ఇంజక్షను సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. రోగిని మంచం దించే రోజు డాక్టరు చెప్పాలి. ఆ తర్వాత పని ఇంట్లో వాళ్ళది. గిన్నెలు తోమించడానికి డబ్బు ఖర్చు లేదు, కావలసింది రోజూ పక్కన కూర్చునే మనిషి.